నడిసముద్రంలో నడిచి తిరిగే ఊరు

ఓడలో భూమి చుట్టి వచ్చానని తెలియగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఎన్ని దేశాలు చూశారన్నది. పాస్‌పోర్టు తెరిచి లెక్క చెప్పవచ్చు గాని, ఆ లెక్కతో ఈ ప్రయాణం విలువ తేలదని నా అభిప్రాయం. దేశాలు చూడాలన్నదే కోరికైతే అంత డబ్బు పెట్టి నాలుగు నెలలు ఓడలో కూర్చోవలసిన పని లేదు. విమానమెక్కి ఒక్కో దేశంలో వారం పది రోజులు ఉండి రావడం అన్ని విధాలా మేలు. డెబ్బై దాటిన మనిషికి, అందులోనూ భర్త పోయి ఒంటరిగా మిగిలిన ఆడదానికి, ప్రపంచయాత్ర ఓడ ఇచ్చేది మరొకటి ఉంది. ఎవరినీ కారు తీయమని అడగకుండా, ఎవరి తీరికా చూసుకోకుండా, తన కాళ్ళతో తాను నాలుగు చోట్లకు వెళ్ళి రాగలిగే ఊరు అది. ఆ ఊరు నీళ్ళ మీద కదులుతూ ఉండడం, దారిలో కొన్ని దేశాలు తగలడం అదనపు లాభం.

డాలస్ శివారులో కొడుకు ఇంట్లో ఉంటున్న తల్లి మాటగా దీన్ని వినాలి. మా అబ్బాయీ కోడలూ మంచివాళ్ళు. నాకు పేచీ ఉన్నది ఆ ఊరి కట్టుబడితో. ఉదయం ఎనిమిదికల్లా ఇల్లు ఖాళీ అవుతుంది. కూరగాయల దుకాణం, గుడి, గ్రంథాలయం, డాక్టరు ఆఫీసు అన్నీ ఉన్నాయి గాని, నడిచి వెళ్ళగలిగే దూరంలో ఒక్కటీ లేదు. ఇంటి ముందు కాలిబాట కొంతదూరం వెళ్ళి పెద్దరోడ్డు దగ్గర ఆగిపోతుంది, ఆగస్టు ఎండలో దాని మీద మనిషి కనిపించడు. తెలుగులో నాలుగు మాటలు చెప్పుకోగల నా ఈడు ఆడవాళ్ళు ఆ కాలనీలోనే ఉన్నా, వాళ్ళు కూడా ఎవరో ఒకరు దింపితే తప్ప కదలలేరు కనుక, మా స్నేహాలన్నీ శనివారం సాయంత్రానికి వాయిదా పడుతుంటాయి. విజయవాడకే తిరిగి వెళ్ళిపోవచ్చుగా అని కొందరంటారు. సత్యనారాయణపురంలో నేను కాపురమున్న వీధిలో పెంకుటిళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి, ఇరుగుపొరుగు హైదరాబాదుకో బెంగళూరుకో పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు, ఆ బళ్ళ మధ్య రోడ్డు దాటే ధైర్యం ఇప్పుడు నాకు లేదు.

ఓడలోకి అడుగుపెట్టిన మూడో రోజుకే నాకు అర్థమైనది ఈ తేడా. రెండు వేలలోపు ప్రయాణికులు, వారికి సేవచేసే వందల కొద్దీ సిబ్బంది, పది పన్నెండు అంతస్తులు, ఆ చివర నుంచి ఈ చివరకు నాలుగైదు నిమిషాల నడక. అందులోనే గ్రంథాలయం, నాటకశాల, భోజనశాలలు, దుకాణాలు, ప్రార్థన మందిరం, చిన్న ఆసుపత్రి ఉంటాయి. ఓడ చుట్టూ తిరిగే చెక్కబాట మీద ఎన్ని ప్రదక్షిణలైతే ఒక మైలో గోడకు రాసి పెడతారు. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నవి నడవాల పొడవునా రెండు వైపులా ఉన్న కమ్మీలు. ఓడ ఊగినప్పుడు పాతికేళ్ళ ఉద్యోగి కూడా కమ్మీ పట్టుకునే నడుస్తాడు. అందువల్ల కమ్మీ పట్టుకోవడం ముసలితనానికి గుర్తుగా కాకుండా బుద్ధిగల వాళ్ళ పనిగా చెల్లుతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్న నాలాంటి వాళ్ళకు ఎంత మర్యాదైన ఏర్పాటో ఇంట్లో చేతికర్ర కోసం వెతుక్కునేవారికి తెలుస్తుంది.

ఈ రకం ప్రయాణానికి వందేళ్ళు దాటాయి. సూయజ్ కాలువ 1869లోనూ, పనామా కాలువ 1914లోనూ తెరుచుకున్నాక, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ అద్దెకు తీసుకున్న లకోనియా అనే కూనార్డ్ కంపెనీ ఓడ 1922 నవంబరులో న్యూయార్క్ నుంచి బయలుదేరి భూమి చుట్టి వచ్చింది. ఇప్పటి ఓడలు ఎక్కువగా జనవరిలో ఫ్లోరిడా నుంచో, లాస్ ఏంజెలెస్ నుంచో, ఇంగ్లండులోని సౌతాంప్టన్ నుంచో బయలుదేరి, వంద నుంచి నూట ముప్ఫై రోజుల్లో తిరిగి వస్తాయి. ఉత్తరాన చలి ముదిరినప్పుడు వెళ్ళి వసంతానికి ఇంటికి చేరాలి, అన్నాళ్ళు సెలవు అడగవలసిన ఉద్యోగం ఉండకూడదు. ఈ రెండు షరతుల వల్లనే ఓడ నిండా తెల్లజుట్టు కనిపిస్తుంది. ఇంటినే వెంటబెట్టుకుని తిరగడం మనవాళ్ళకూ కొత్త కాదు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్ళినప్పుడు డేరాలు, బోయీలతో సహా వంద మంది దాకా పరివారంతో పదిహేను నెలలు దారిలోనే కాపురం చేశారు. ఆయన దిగిన చోటల్లా సాయంత్రానికి ఇల్లు వెలిసేది, మాకు ఇల్లే ఊళ్ళను వెతుక్కుంటూ పోయింది.

రేవుల గురించి నిజం చెప్పాలి. ఉదయం ఏడు ఎనిమిదికి ఓడ ఆగుతుంది, సాయంత్రం ఐదుకో ఆరుకో కదులుతుంది, ఆలస్యమైన వాళ్ళ కోసం ఆగదు. పైగా కరపత్రంలో పెద్ద అక్షరాలతో రాసిన ఊరు చాలా సందర్భాల్లో రేవులో ఉండదు. బ్యాంకాక్ అని చెప్పి లేమ్ చబాంగ్‌లో దించుతారు, అక్కడి నుంచి బస్సులో రెండు గంటలు. రోము అంటే చివితావెక్యా, ఎనభై కిలోమీటర్లు. ఈజిప్టులోని సఫాగాలో దిగి లక్సర్ గుళ్ళు చూడాలంటే పోను మూడున్నర గంటలు, రాను మూడున్నర గంటలు. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా యాత్రలు సూయజ్ దారి మానేసి ఆఫ్రికా కొసను చుట్టి పోవడంతో, ఈజిప్టు పేరు చూసి డబ్బు కట్టినవారికి ఆ గుళ్ళు కూడా దక్కలేదు. కొచ్చిలో దిగిన రోజు మా భోజనం బల్ల వాళ్ళందరూ నన్ను గైడుగా నమ్ముకుని వెంట వచ్చారు. నేను కొచ్చిని చూడడం అదే మొదటిసారని, మలయాళం నాకు ఒక్క ముక్క రాదని చెప్పినా వినలేదు. చీనా వలల దగ్గర నిలబడి వాళ్ళకు ఏదో ఒకటి చెప్పక తప్పలేదు.

ఒక్క పిట్‌కెర్న్ దీవి మాత్రం ఈ విమర్శకు అందదు. దక్షిణ పసిఫిక్‌లో యాభై మంది కూడా లేని ఆ దీవిలో పెద్ద ఓడ ఆగే రేవు లేదు, విమానాశ్రయమూ లేదు. అందుకని ఓడ దూరంగా నిలబడితే దీవివాళ్ళే పొడుగాటి పడవలో వచ్చి, తాళ్ళ నిచ్చెన పట్టుకుని ఎక్కారు. 1790లో బౌంటీ అనే ఓడలో అక్కడికి చేరిన తిరుగుబాటు నావికులు, వారితో వచ్చిన తహితీ స్త్రీల సంతతి వాళ్ళు. మధ్యాహ్నం వరకు డెక్కు మీద బల్లలు పరిచి తేనె, తపాలా బిళ్ళలు, చెక్కతో చెక్కిన సొరచేపలు అమ్మారు. నాతో మాట్లాడిన పెద్దావిడది ఇంచుమించు నా ఈడే. పళ్ళ డాక్టరు కావాలంటే ఎన్నాళ్ళు పడుతుందని నేను అడిగితే, ముందు ఓడ రావాలి కదా అని నవ్వింది. నాకు ఆ సమస్య బాగా పరిచయమైనదే.

ఇక సముద్రం మీది రోజులు. అమెరికా పడమటి తీరం నుంచి హవాయికి సుమారు ఐదు రోజులు, అక్కడి నుంచి తహితీ వైపు మళ్ళీ అన్ని రోజులు. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ కనబడని ఆ రోజుల్లో విసుగు పుడుతుందని చుట్టాలు భయపెట్టారు. నాకు ఆ రోజులే రేవులకన్నా త్వరగా గడిచాయి. పొద్దున్నే చెక్కబాట మీద నడక, తరవాత ఉపన్యాసం, పదకొండుకు అల్లికల బృందం, మధ్యాహ్నం ప్రశ్నల పోటీ, సాయంత్రం సంగీతం. వీటిలో దేనికైనా పోవచ్చు, దేనికీ పోకుండా సముద్రం చూస్తూ కూర్చోవచ్చు, ఎందుకు రాలేదని మర్నాడు నలుగురు అడుగుతారు కూడా. అలా అడిగేవాళ్ళు ఉండడమే ఊరికి గుర్తు. వాషింగ్ మెషీన్లున్న గదిలో అయితే ఆ ఊరి అసలు స్వరూపం బయటపడేది: ఎవరి బట్టలు మెషీన్‌లో ఆగిపోయి ఎంతసేపయింది, వాటిని తీసి పక్కన పెట్టిన సాహసి ఎవరు, ఆదివారం పొద్దున్నే నాలుగు మెషీన్లూ పట్టేసిన జంట ఏ అంతస్తు వాళ్ళు. కుళాయి దగ్గర బిందెల తగవులు చూసి పెరిగిన నాకు అక్కడ పరాయితనం అనిపించలేదు.

పడమటికి పోయే ఓడలో కొన్ని రాత్రులు గంట అదనంగా వస్తుంది. ఈ రాత్రి గడియారం వెనక్కి తిప్పుకోవాలని పడక మీద చీటీ పెడతారు. నిద్ర పట్టని వయసులో ఆ అదనపు గంటను ఏం చేసుకోవాలో తెలియదు గాని, శరీరం విమానంలో లాగా తల్లడిల్లదు. అలా పోగైన గంటలన్నిటికీ, పసిఫిక్ నడుమ తేదీ మారే గీత అయిన తేదీరేఖ దగ్గర ఒక్క రాత్రితో లెక్క సరిచేస్తారు. మేం మంగళవారం పడుకుని గురువారం లేచాం. బుధవారం పుట్టినరోజైన కెనడా పెద్దమనిషి వయసు పెరగలేదని వాదించి రెండు కేకులు తిన్నాడు. నాకు మాత్రం ఏకాదశి బెంగ పట్టుకుంది. కాసేపు కాగితం మీద లెక్క వేసుకుంటే తేలినదేమిటంటే, తేదీ పోయింది గాని సూర్యోదయమేదీ పోలేదు. తిథి సూర్యచంద్రులను బట్టి నడుస్తుంది, ఓడ ఆఫీసు చీటీని బట్టి నడవదు. ఉపవాసం తప్పలేదు.

ఓడలో భర్తలు పోయిన ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూశాక నాకు కలిగిన ధైర్యం గురించి ఎక్కువ చెప్పను, అనుభవించినవాళ్ళకు చెప్పనక్కర లేదు. నేను ఎక్కడికి బయలుదేరినా తోడెవరని అడిగే లోకం నుంచి వచ్చినదాన్ని. అక్కడ మా బల్ల దగ్గర ఏడుగురిలో ఐదుగురం ఒంటరివాళ్ళం, ఎవరూ ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు. అలాగని అది సమానుల లోకమని చెప్పను. యాత్ర మొత్తానికి టికెట్టు కొన్నవారు, మూడు వారాల ముక్కకు కొని మధ్యలో ఎక్కినవారిని, విడిదింట్లో ముందు దిగిన బంధువులు ఆలస్యంగా వచ్చినవాళ్ళను చూసినట్టే చూస్తారు. మంచి కుర్చీలు మావి, కొత్తగా వచ్చిన దగ్గు వాళ్ళది.

మనవాళ్ళ రెండో ప్రశ్న తిండి గురించి. ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు, ఇస్త్రీపెట్టె వంటి వేడిపుట్టించే వస్తువులను మంటల భయంతో ఓడలోకి రానివ్వరు, కనుక కుక్కరు సూట్‌కేసులో పెట్టుకుని ప్రపంచమంతా తిరిగే మన అలవాటు అక్కడ సాగదు. శాకాహారమని చెప్పినవారికి మర్నాటి భోజనాల పట్టిక రాత్రే చూపించి ఏం కావాలో అడుగుతారు. మా వంటశాలలో పనిచేసే భీమిలి కుర్రాడు ఒకడు నా పేరు చీటీలో చూసి, మూడోనాడు వచ్చి, "మీది ఏ ఊరమ్మా?" అని తెలుగులో అడిగాడు. ఉగాదికి మేం సింగపూరు దాటి అండమాన్ సముద్రంలో ఉన్నాం. ఎండు వేపపువ్వు పొట్లం లిటిల్ ఇండియాలోని టెక్కా బజారులో ముందే కొని ఉంచాను, చింతపండు వంటశాలలో ఉంది, బెల్లానికి బదులు ముదురురంగు చక్కెర సరిపెట్టుకున్నాం. థాయ్ సలాడ్ కోసం తెచ్చిన పచ్చి మామిడికాయల్లోంచి ఒకటి తరిగి, చిన్న గాజు గిన్నెలో ఉగాది పచ్చడి తయారుచేసి తెచ్చాడు ఆ అబ్బాయి. "మా అమ్మ అయితే కొబ్బరి ముక్కలు కూడా వేస్తుందమ్మా, ఇక్కడ అంత టైము ఇవ్వరు" అన్నాడు.

ఆ చివరి మాట దగ్గర నా వాదన కుంటుపడుతుందని నాకు తెలుసు. నేను నడిచి తిరిగిన ఊరు అతని నడక మీద నిలబడి ఉంది. సముద్ర కార్మికుల కోసం 2006లో చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం 2013 నుంచి అమల్లోకి వచ్చింది, మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. దాని ప్రకారం కార్మికుడికి ఇరవై నాలుగు గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. అంటే ఒక రోజున పద్నాలుగు గంటల దాకా, వారం మొత్తానికి 91 గంటల దాకా పని చేయించినా నియమం తప్పినట్టు కాదు. వారాంతం అనేది లేకుండా ఆరు నుంచి తొమ్మిది నెలలు అలాగే గడుస్తాయి. సిడ్నీలో ఓడ ఆగిన రోజున అతనికి సరుకు దించే పని పడింది, హార్బరు వంతెన కూడా సరిగా చూడలేదు. భీమిలిలో ఈ జీతానికి సమానమైన జీతం లేదు కనుక మళ్ళీ ఒప్పందం రాసుకుంటానని అతనే చెప్పాడు. అందువల్ల ఏర్పాటు న్యాయమైపోదు. కనీసం, రోజువారీ బక్షీసు పద్దును ఓడ ఆఫీసుకు వెళ్ళి తీయించేసుకునే ప్రయాణికులను చూసినప్పుడు ఊరుకోకూడదని నేర్చుకున్నాను. అమెరికన్ ఓడల్లో ఈ పద్దు మనిషికి రోజుకు ఇంత అని లెక్కలో చేరుతుంది.

డబ్బు సంగతి దాచనక్కర లేదు. టికెట్టులో గది, తిండి, వినోదం, ప్రయాణం కలిసి ఉంటాయి. బక్షీసు, ఇంటర్నెట్టు, బీమా, రేవుల్లో బస్సు యాత్రలు వేరు. ఇద్దరికి లెక్కగట్టిన గదిలో ఒక్కరే ఉంటే ఇంచుమించు రెండో మనిషి ఛార్జీ కూడా కట్టమంటారు, అంటే వైధవ్యానికి అక్కడా సుంకం ఉంది. నేను కిటికీ లేని లోపలి గది తీసుకున్నాను, పగలు గదిలో ఉండేది తక్కువ. విజయవాడ ఇంట్లో నా వాటా అమ్మగా వచ్చిన డబ్బు అది. మా అబ్బాయి ఒక్క మాట అనలేదు. మనవలకు మిగల్చకుండా సముద్రంలో పోసిందని అన్నది దూరపు బంధువులు. అదే డబ్బు పెళ్ళి మండపం అలంకరణకు పోసి ఉంటే వాళ్ళే వచ్చి మెచ్చుకునేవారు.

అసలు భయం ఆరోగ్యం. ఓడలో డాక్టరు, నర్సులు, ప్రాణాపాయ చికిత్సకు కావలసిన పరికరాలు ఉంటాయి. పెద్ద ఆపరేషను చేయరు. అమెరికాలో పెద్దలు నమ్ముకున్న మెడికేర్ అనే ప్రభుత్వ బీమా, ఓడ అమెరికా రేవుకు 6 గంటల దూరం దాటాక అక్కడి వైద్యానికి డబ్బు ఇవ్వదు. కనుక ఎక్కడ పడిపోయినా విమానంలో ఇంటికి చేర్చే ఖర్చు భరించే బీమా లేకుండా గడప దాటకూడదు. మందులు సాధారణంగా మూడు నెలలకే ఇస్తారు, మిగిలిన వాటి కోసం బీమా కంపెనీతో ముందే మాట్లాడుకోవాలి. మామూలు జలుబు మందుల్లో కొన్నిటిని జపాన్ అనుమతించదు, చూసుకోవాలి. నోరోవైరస్ వాంతులు, విరేచనాలు మొదలైతే ముసలివాళ్ళు ఒక్క రోజులో నీరసించిపోతారు. చేతులకు రాసుకునే జెల్లు దానికి అంతగా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవలసిందే. ఓడలో శవాల కోసం చల్లగది ఉంటుందన్నది కూడా నిజమే, ఆ వయసు వాళ్ళు అంతమంది నాలుగు నెలలు కలిసి ఉన్నచోట అది అవసరమే. 2020 ఫిబ్రవరిలో యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడ మీద ఉన్న 3,711 మందిలో 700 మందికి పైగా కరోనా సోకినప్పుడు, ఇంత దగ్గర దగ్గరగా ఉండే ఊరికి మరో ముఖం ఉందని లోకమంతా చూసింది.

అందుకే, ఇంకాస్త ముందుకు పోయి ఓడనే వృద్ధాశ్రమంగా చేసుకోవచ్చని చెప్పేవారితో నేను ఏకీభవించను. 2004లో లీ లిండ్‌క్విస్ట్, రాబర్ట్ గోలబ్ అనే షికాగో వైద్యులు అమెరికన్ వృద్ధవైద్య సంఘం పత్రికలో సరిగ్గా ఈ ప్రతిపాదనే చేశారు. ఇరవై ఏళ్ళకు లెక్క కడితే ఓడ ఖర్చు, రోజువారీ పనుల్లో సాయం దొరికే వృద్ధుల నివాసం ఖర్చు దాదాపు సమానమేనని చూపించారు. లెక్క సంగతి అలా ఉంచితే, మనిషి కాస్త బాగున్నన్నాళ్ళే ఓడ అతన్ని ఉంచుకుంటుంది. స్నానం చేయించే మనిషి కావలసివచ్చిన రోజున తరవాతి రేవులో దిగిపొమ్మంటుంది. పైగా ఆ ఊరికి యజమాని ఉన్నాడు. బియాట్రిస్ ముల్లర్ అనే అమెరికన్ స్త్రీ 2000 నుంచి క్వీన్ ఎలిజబెత్ 2 ఓడనే ఇల్లుగా చేసుకుని బతికింది. దుబాయికి అమ్మేసిన ఆ ఓడను 2008 నవంబరులో అప్పగించేయడంతో ఎనభై దాటిన వయసులో ఇల్లు వెతుక్కోవలసివచ్చింది. 2023లో మూడేళ్ళ సముద్రయాత్ర అని డబ్బు కట్టించుకున్న ఒక సంస్థ, బయలుదేరవలసిన నవంబరులోనే ఓడ దొరకలేదని చేతులెత్తేసింది. ఇళ్ళు ఖాళీ చేసి సామాన్లు సర్దుకున్నవారు రేవులోనే ఉండిపోయారు. ఇల్లు అమ్మి ఓడ ఎక్కడం వేరు, ఇల్లు ఉంచుకుని నాలుగు నెలలు ఓడలో ఉండి రావడం వేరు. నేను సమర్థించేది రెండోదాన్నే.

మా పిన్ని కూతురు గుంటూరు నుంచి ఫోను చేసి, నేనూ వస్తాను అక్కయ్యా, ఎలా వెళ్ళాలో చెప్పు అంటోంది. నాకున్నది అమెరికా పాస్‌పోర్టు, దానిది మన దేశపుది, కనుక నా దారి దానికి పనికిరాదు. దారిలో ముందుగా వీసా అడిగే దేశాలన్నిటి వీసాలూ బయలుదేరే ముందే చేతిలో ఉండాలి, ఒక్కటి తక్కువైనా ఓడ ఎక్కనివ్వరు. నాలుగో నెలలో దిగబోయే దేశానికి వీసా ఇప్పుడే తీసుకుంటే అప్పటికి గడువు మిగులుతుందా అన్నదీ చూసుకోవాలి. యాత్ర మొత్తం ఇప్పుడే వద్దని, సింగపూరులో ఎక్కి రెండు మూడు వారాలకు దిగిపోయే ముక్క ఒకటి ముందు చూసుకోమని చెప్పాను. గది ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊపు తక్కువ. రేవులు ఎక్కువున్న ముక్క చవకలో దొరికినా తీసుకోవద్దని, వరసగా నాలుగైదు రోజులైనా నీళ్ళ మీద ఉండేదే ఎంచుకోమని ప్రత్యేకంగా చెప్పాను. అంత డబ్బు పోసి ఊరికే నీళ్ళు చూడడానికా అని దాని మొగుడు వెనక నుంచి అడిగాడు. ఆయన్ని కూడా వెంటబెట్టుకు రమ్మన్నాను, ఇద్దరైతే గది ఖర్చు మనిషికి సగానికి సగం తగ్గుతుంది.